సెల్ఫ్ కొడితే పలకని పాత ట్రాక్టర్

మన వైపు శెనక్కాయ విత్తడానికి ముహూర్తం పెట్టేది పంతులు కాదు, వాన. జూన్, జూలైలో ఒక మంచి వాన పడితే ఎర్ర నేలలో పదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ లోపలే దున్నాలి, విత్తాలి. సరిగ్గా ఆ పొద్దున షెడ్డులోని పాత ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే పోయేది ఒక పూట పని కాదు, ఆ వాన పదును. ఊర్లో అందరికీ అదే రోజు దుక్కి కావాలి కాబట్టి బాడుగకు కూడా బండి దొరకదు.

పుత్తూరు దగ్గర మా చిన్నాయనకు నాకంటే వయసులో పెద్దదైన ట్రాక్టర్ ఒకటుంది. నేను చదివేది కంప్యూటర్ సైన్స్ అయినా, సెలవుల్లో ఆ బండి దగ్గర నిలబడి చూసిందీ, మెకానిక్ అన్నను అడిగి తెలుసుకున్నదీ మన మ్యాగజైన్‌లో రాయాలనిపించింది. ఎందుకంటే మనం ల్యాబ్‌లో డీబగ్గింగ్ అని పెద్ద పేరు పెట్టుకున్న పనిని ఆయన స్పానర్ పట్టుకుని, చెవులు పెట్టి చేస్తాడు. పైగా ఆ పనికి ఆయన దగ్గర మంచి తెలుగు ఉంది.

నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోల్ బైక్‌లో స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో ఉండదు. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం వేడెక్కడం అందరం చూసిందే కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ గాలిని దాదాపు పదహారు, పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజిన్‌లో ముఖ్యమైన సూత్రం ఇదే.

అంటే ఇంజిన్ రేగాలంటే నాలుగు కావాలి. తగినంత వేగంగా తిరగాలి. డీజిల్ అందాలి. గాలి అందాలి. గాలి గట్టిగా నొక్కుడు పడాలి, అంటే కంప్రెషన్ ఉండాలి. పాత ట్రాక్టర్‌లో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. కాబట్టి తప్పు ఈ నాలుగింటిలోనే ఎక్కడో ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ ఇంజిన్ ఒకసారి రేగిందంటే నడవడానికి కరెంటుతో పని లేదు. అందుకే చాలా పాత బండ్లలో తాళం తిప్పేస్తే ఇంజిన్ ఆగదు. స్టాప్ నాబ్ లాగితే పంపులో డీజిల్ ఆగుతుంది, అప్పుడు ఆగుతుంది. రాత్రి లాగిన ఆ నాబ్ కేబుల్ తుప్పు పట్టి తిరిగి లోపలికి పోకపోతే, పొద్దున ఎంత సెల్ఫ్ కొట్టినా బండి రేగదు. అందుకే మెకానిక్ అన్న వచ్చీ రాగానే చూసేవి మూడు: స్టాప్ నాబ్ లోపలికి పోయిందా, ట్యాంకు కింద కొళాయి తెరిచి ఉందా, ట్యాంకులో డీజిల్ ఉందా. ఈ మూడూ చూడటానికి రూపాయి ఖర్చు లేదు.

మొదట శబ్దం వినాలి

తాళం తిప్పితే బండి మూడు రకాలుగా బదులిస్తుంది. ఒకటి, ఏ శబ్దమూ లేదు. రెండు, "టక్" మని ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది. మూడు, గిరగిరా తిరుగుతుంది గానీ అంటుకోదు.

మొదటి రెండూ కరెంటు కథలు. హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. లైటు పూర్తిగా మసకబారితే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ సరిగ్గా పట్టుకోలేదు. ఎప్పుడో ఒకసారి సెల్ఫ్ మోటారే బిగుసుకుపోయి ఉంటుంది. లైటు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతా ఉంటే బ్యాటరీ నుంచి మోటార్‌కు కరెంటు పోవడమే లేదు. అప్పుడు తాళం స్విచ్, సోలినాయిడ్ చూడాలి. కొన్ని ట్రాక్టర్లలో గేరు న్యూట్రల్‌లో ఉంటేనో, క్లచ్ తొక్కితేనో తప్ప సెల్ఫ్ పనిచేయకుండా సేఫ్టీ స్విచ్ ఉంటుంది. దాన్నీ చూడాలి.

తిరుపతి వాళ్ళకు బ్యాటరీ గురించి చెప్పడమంటే కొండ మీద లడ్డు అమ్మినట్టే. కరకంబాడిలోనే అమరరాజా ఫ్యాక్టరీ పెట్టుకుని ఉన్నాం. అయినా టెర్మినల్ మీద పేరుకునే ఆ తెల్లటి, పచ్చటి పొడి ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూద్దాం. సెల్ఫ్ మోటార్ వందల ఆంపియర్లు లాగుతుంది. 200 అనుకుందాం. తుప్పు వల్ల ఓమ్‌లో నూరో వంతు రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. ఓమ్ సూత్రం ప్రకారం 200ని 0.01తో గుణిస్తే 2 వోల్టులు. బ్యాటరీ ఇచ్చే 12లో 2 అక్కడే ఆవిరి. ఆ చిన్న చోట 400 వాట్ల వేడి. బ్యాటరీ బాగున్నా బండి "టక్" మని ఊరుకోవడానికి ఇది చాలు. ఎర్త్ వైరు ఛాసిస్‌కు బిగించే చోట పెయింటు, మట్టి అడ్డం ఉన్నా ఇదే జరుగుతుంది.

మల్టీమీటర్ ఉంటే రెస్ట్‌లో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12 దగ్గర ఉంటే చాలా వరకు దిగినట్టు. టెర్మినల్స్ విప్పేటప్పుడు ముందు ఎర్త్ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. వేడినీళ్ళలో వంట సోడా కలిపి తోమి, ఆరాక బిగించి, పైన గ్రీజు పూయాలి. ఛార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.

తిరుగుతుంది గానీ అంటుకోదు

ఇప్పుడు చెవుల పని అయింది, కళ్ళ పని. సెల్ఫ్ కొడుతూ సైలెన్సర్ వైపు చూడాలి. పొగే లేకపోతే డీజిల్ సిలిండర్ దాకా రావడం లేదు. తెల్ల పొగ వస్తే డీజిల్ వస్తోంది గానీ మండటం లేదు. ఇంజిన్ చల్లగా ఉందో, నెమ్మదిగా తిరుగుతోందో, కంప్రెషన్ తగ్గిందో, డీజిల్‌లో నీళ్ళు కలిశాయో అయ్యుండాలి. మదనపల్లె వైపు డిసెంబరు పొద్దుల్లో ఈ తెల్ల పొగ బాగా తెలుసు. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, సిలిండర్ గోడలు వేడిని లాగేసుకుంటాయి. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, ఎయిర్ క్లీనర్ విప్పాలి. ఎర్రమట్టి దుమ్ము, శెనక్కాయ పొట్టు నిండిపోయి ఉంటాయి. చాలా రోజులు నిలబెట్టిన బండి పైపులో కందిరీగ గూడు కూడా ఉండొచ్చు.

పొగ లేకపోతే డీజిల్ దారి పట్టాలి. ట్యాంకు, కొళాయి, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఇంజెక్షన్ పంపు, సన్న ఇనుప పైపులు, ఇంజెక్టర్లు. ఇక్కడే మెకానిక్ అన్న చేసే పని నాకు భలే నచ్చింది. మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్కటీ విప్పడు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడతాడు. అక్కడికి డీజిల్ వస్తే ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా దారి బాగున్నట్టు, తప్పు అవతల ఉంది. రాకపోతే తప్పు ఇవతల. ఒక్క దెబ్బకు సగం అనుమానాలు ఎగిరిపోయాయి. మనం బైనరీ సెర్చ్ అని రెండో సెమిస్టర్‌లో నేర్చుకున్నది ఇదే.

ఆయన ఇంజెక్షన్ పంపును ఇప్పటికీ "మైకో పంపు" అంటాడు. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి అది పొట్టి పేరు. 2008లో కంపెనీ పేరు బాష్ అని మారింది. షెడ్డులో మాత్రం మారలేదు.

గాలి పట్టడం, గాలి తీయడం

డీజిల్ దారిలో ఎక్కువగా వచ్చే జబ్బు "గాలి పట్టడం". ట్యాంకు ఒకసారి ఖాళీ అయినా, ఫిల్టర్ మార్చినా, రబ్బరు పైపు పగిలినా లోపలికి గాలి చేరుతుంది. ఒక సిరంజి తీసుకుని మూతి వేలితో మూసి నొక్కండి. నీళ్ళు ఉంటే కదలదు. గాలి ఉంటే స్ప్రింగులా నొక్కుకుపోయి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఇంజెక్టర్ తెరుచుకోవాలంటే వాతావరణ పీడనానికి దాదాపు రెండు వందల రెట్ల ఒత్తిడి కావాలి. మధ్యలో గాలి బుడగ ఉంటే పంపు కొట్టిన దెబ్బంతా దాన్ని నొక్కడానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకోదు.

గాలి తీయడానికి వరస ఉంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత తేట డీజిల్. అది కారుతా ఉండగానే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని. చివరగా ఇంజెక్టర్ల దగ్గర నట్లు కొంచెం వదులు చేసి, చేతులూ ముఖమూ దూరం పెట్టుకుని సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్ముతుంది. అప్పుడు బిగించాలి.

గాలి తీసినా మర్నాడు మళ్ళీ పడితే? అప్పుడు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య వెతకాలి. అక్కడ పంపు డీజిల్‌ను పీలుస్తుంది. కాబట్టి చీలిక ఉన్నా బయటికి చుక్క కారకుండానే లోపలికి గాలి పోవచ్చు. అక్కడి పైపుకు గుడ్డ చుట్టి, తీగ బిగించి పుత్తూరు కట్టు కడితే ఎముకలాగా అతుక్కోదు, పైపు మార్చాల్సిందే. ఫిల్టర్ గిన్నె అడుగున నీళ్ళున్నాయేమో కూడా చూడాలి. నీళ్ళు డీజిల్ కంటే బరువు, అడుగుకే చేరతాయి.

ఇవన్నీ బాగుండి కూడా బండి రేగకపోతే, బ్రీదర్ పైపు నుంచి పొగ కొడుతూ ఉంటే, అప్పుడు రింగులు అరిగి ఇంజిన్ దిగిందని అనుమానించాలి. అది వేలల్లో ఖర్చు. అందుకే ఆ అనుమానం చివరికి రావాలి. వంద రూపాయల పైపుకు పోయేదాన్ని ఇంజిన్ పనిగా చూసి అప్పు చేసిన రైతు బాధ పంట పోయిన బాధకు తక్కువేమీ కాదు.

ప్రాణం మీదికి తెచ్చేవి

సెల్ఫ్ పనిచేయకపోతే చాలామంది కింద నిలబడి మోటార్ రెండు టెర్మినల్స్‌ను స్క్రూడ్రైవర్‌తో కలుపుతారు. అప్పుడు సేఫ్టీ స్విచ్ ఉన్నా లేనట్టే. బండి గేరులో ఉంటే రేగిన వెంటనే కదులుతుంది. కలిపిన మనిషి నిలబడి ఉండేది వెనక చక్రం ముందరే. సీటు మీద కూర్చుని తప్ప ట్రాక్టర్‌ను స్టార్ట్ చేయకూడదు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

గాలి పైపు దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టి రేపడం కూడా అలాంటిదే. పెట్రోల్ వేళకాని వేళ అంటుకుని పిస్టన్‌ను, రింగులను దెబ్బతీయవచ్చు. హీటర్ ఉన్న ఇంజిన్‌లో మంట బయటికే రావచ్చు. మిట్ట మీద నిలిపి దొర్లించి రేపేవాళ్ళు ముందు బ్రేకు సరిగ్గా పడుతుందో లేదో చూసుకోవాలి. సెల్ఫ్‌ను పది, పదిహేను సెకన్ల కంటే ఎక్కువ కొట్టకుండా ఒక నిమిషం ఆగాలి. మెకానిక్ అన్న మా చిన్నాయనతో అన్నట్టు, "అన్నా, నువ్వు బండిని రేపతా ఉండావా, బ్యాటరీని సంపతా ఉండావా?"

ఈసారి ఊరికి పోయినప్పుడు మీ ఇంటి బండి ఏదైనా సరే, మంచిగా నడిచే రోజునే ఒకసారి దాని డీజిల్ దారిని ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా వేలితో తాకుతూ పోయి చూడండి. ఏ స్క్రూ ఎక్కడుందో, ఏ సైజు స్పానర్ పడుతుందో ఒక కాగితం మీద తెలుగులో రాసి షెడ్డు గోడకు అతికించండి. వాన పడిన పొద్దున ఇంట్లో ఎవరున్నా చదువుకోవచ్చు.