తెరపై తెలుగు అక్షరాలు ఎందుకు విడిపోతాయి?

తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు సూరత్‌లో చాలా ఉన్నాయి. నవాగామ్, డిండోలి, లింబాయత్ ప్రాంతాల్లో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. నవాగామ్‌లో ఒక తెలుగు వెబ్ డిజైనర్ ఉన్నారనుకుందాం. కరీంనగర్, వరంగల్ దుకాణదారుల కోసం ఒక చీరల వ్యాపారి తన వెబ్‌సైటును తెలుగులో చేయించుకుంటున్నారు. బ్యానర్ మీద ‘వస్త్రాలు’ అని టైపు చేస్తే తెరపై ‘వస్‌త్‌రాలు’ అని కనిపించింది. అదే మాట బ్రౌజర్లో సరిగ్గానే ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి రాగానే వత్తులు ఊడిపోయాయి. తప్పు ఎక్కడుంది?

కోడ్ వేరు, రూపం వేరు

కంప్యూటర్ అక్షరాల బొమ్మలను కాకుండా సంఖ్యలను దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్యో నిర్ణయించే ప్రపంచ ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అయితే అందులో వత్తులకు విడి సంఖ్యలు లేవు. ‘స్త్రా’ అనే ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అనే ఆరు సంకేతాలుగా నిల్వ ఉంటుంది. ‘వస్త్రాలు’ మొత్తం తొమ్మిది సంకేతాలు. చదివేవారికి మాత్రం అవి మూడే అక్షరాలు.

ఆ తొమ్మిదింటిని మూడుగా కూర్చే పనిని ‘షేపింగ్ ఇంజిన్’ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. ‘పొల్లు తర్వాత త వస్తే త వత్తు వేయి’ వంటి నియమాలు ఓపెన్‌టైప్ ఫాంటులోనే ఉంటాయి. ఇంజిన్ వాటిని చదివి తగిన రూపాలను ఎంచుకుని, వాటి వాటి స్థానాల్లో పెడుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్‌ను వాడతాయి. ఈ దశ లేకపోతే సంకేతాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి, పొల్లు పొల్లుగానే మిగిలిపోతుంది.

దాగిన మీట

ప్రసిద్ధ డిజైన్ సాఫ్ట్‌వేర్లు మొదట ఇంగ్లిష్ కోసం తయారైనవి. ఇంగ్లిష్‌లో చాలావరకు ఒక కోడ్‌కు ఒక రూపం సరిపోతుంది. భారతీయ లిపులకు పనికొచ్చే ఇంజిన్ వాటిలోకి తర్వాత వచ్చి చేరింది. అడోబీ ఫోటోషాప్ పలు కూర్పుల్లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, టైప్ విభాగంలో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అనే ఎంపికను విడిగా పెట్టుకోవాల్సి వచ్చేది. ఇల్లస్ట్రేటర్‌లో ‘షో ఇండిక్ ఆప్షన్స్’ అనే గడికి టిక్ పెట్టాలి. ఈ సంగతి తెలియని డిజైనర్ ఫాంటులో లోపం ఉందనుకుని ఫాంట్ల మీద ఫాంట్లు మారుస్తూ గంటలు పోగొట్టుకుంటారు.

ఇది ఒక్క కంపెనీ సమస్య కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరంతో ఉన్న ఒక సంకేతాల వరుస వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ వరుసలో కంటికి కనిపించని ఒక సంకేతం కూడా ఉంది. దాన్ని అమర్చడంలో యాపిల్ సాఫ్ట్‌వేర్ తడబడింది. ఆ నెల 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో లోపం తొలగింది.

అడ్డదారి ఖరీదు

విసిగిపోయిన డిజైనర్ రెండు అడ్డదారుల్లో ఒకటి పడతారు. ఒకటి పాత డీటీపీ ఫాంట్లు. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు ఉంటాయి. ఆ ఫాంట్ లేని ఫోనులో అదే పాఠం అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. రెండోది, పాఠాన్ని మొత్తంగా బొమ్మగా మార్చి వెబ్‌పేజీలో అతికించడం. చూపున్నవారికి తేడా తెలియదు. కానీ ‘పట్టు వస్త్రాలు’ అని వెతికే దుకాణదారుకు ఆ పేజీ దొరకడం కష్టం. చూపులేనివారికి పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అక్కడ అక్షరాలే కనిపించవు. ధర మారినప్పుడల్లా బొమ్మ మళ్లీ గీయాలి.

చేయదగినవి

సాధ్యమైనంతవరకు బొమ్మ మీద పాఠాన్ని బ్రౌజర్‌తోనే రాయించాలి. నోటో సాన్స్ తెలుగు, రామభద్ర, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి ఇంగ్లిష్‌కు పెట్టిన వరుసల ఎడం చాలదు, కొంచెం పెంచాలి. లేకపోతే బటన్లలో వత్తులు తెగిపోతాయి. బొమ్మ తప్పనిసరి అయితే, అందులోని మాటలను ఆల్ట్ టెక్స్ట్‌గా కూడా ఇవ్వాలి. కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకునే ముందు ‘వస్త్రాలు, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం’ అని టైపు చేసి చూస్తే దాని సత్తా నిమిషంలో తేలిపోతుంది.

ప్రమాణాలు కూడా ఇంకా ఎదుగుతున్నాయి. ‘స్త్రా’ వంటి సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా లెక్కించే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 కూర్పుతో చేరింది. అంతకుముందు నియమం ప్రకారం అది మూడు ముక్కలు. పాత నియమంతో నడిచే ప్రోగ్రాములు దాన్ని ఇప్పటికీ మధ్యలో విరిచేయగలవు. అలా విరిగినచోట తెరను ఫొటో తీసి, మాటను, సాఫ్ట్‌వేర్ కూర్పు సంఖ్యను రాసి తయారీదారుకు పంపాలి. నవాగామ్ నుంచి వెళ్లే అలాంటి ఫిర్యాదు ఒకటి గుజరాతీకీ మేలు చేయవచ్చు. పొల్లుతో అక్షరాలను కలిపే పద్ధతి ఆ లిపిలోనూ ఉంది మరి.