ఘాటు వేరు, నిండుదనము వేరు

చుట్ట తెలుగువారికి క్రొత్త వస్తువు కాదు. గోదావరి లంకలలో వరద తెచ్చిన ఒండ్రుపై పెరిగి, ఎండలో ఆరిన ఆకు ఎంత ఘాటైనదో కోస్తా జిల్లాల వారికి చెప్ప పనిలేదు. గిరీశము నోట చుట్టకు పద్యములో స్తోత్రము చేయించిన భాష మనది. అయినను మంచి చుట్ట ఏదియని అడిగినచో మనలో పెక్కురు చెప్పు సమాధానము ఒక్కటే: తల తిరిగినచో అది మంచిది. ఈ కొలత సరియైనది కాదని మా అభిప్రాయము. హవానా చుట్టలను పరీక్షించువారు 'నిండైన చుట్ట' అను మాటను వేరొక అర్థమున వాడుదురు.

ఘాటు నికోటినుకు సంబంధించినది. అది దేహమునకు తెలియును: నుదుట చెమట పట్టును, కడుపులో వికారము పుట్టును. నిండుదనము నాలుకకు తెలియును. అది పొగకు నోటిలో గల బరువు, చిక్కదనము. పలుచని మజ్జిగకును గడ్డపెరుగునకును గల భేదమును తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. మజ్జిగ పలుచనైనను మిక్కిలి పుల్లగా ఉండవచ్చును. పెరుగు గడ్డగా ఉండియు కమ్మగా ఉండవచ్చును. పులుపునకు చిక్కదనముతో నిమిత్తము లేదు. చుట్టలోని ఘాటునకును నిండుదనమునకును గల సంబంధము ఇంచుమించు ఇట్టిదే. రెండును ఒకచోట చేరుట కలదు గాని, ఒకటి రెండవదానికి సాక్ష్యము కాదు.

ఉదాహరణమునకు హవానాలో 1845లో స్థాపింపబడిన పార్తగాస్ వారి 'సేరీ డి నెంబరు 4' అను చుట్టను తీసికొందము. నిండైన చుట్టలలో ఇది పేరెన్నిక గన్నది. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50. ఈ లావు లెక్క అంగుళములో 64వ వంతులలో చెప్పబడును. కావున అడ్డుకొలత 20 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. ఆకు క్యూబా పడమటి కొనయందలి పినార్ దెల్ రియో మండలములో, వ్వెల్తా అబాహో నేలలలో పండినది.

చుట్టలో పైయాకు, కట్టుటకు వాడు ఆకు, లోపలి ఆకు అని మూడు పొరలుండును. నిండుదనమునకు మూలము ముఖ్యముగా లోపలి ఆకు. మొక్క అడుగు ఆకులు తేలికగా మండును. నడిమి ఆకులు పరిమళమునిచ్చును. పై ఆకులు ఎండ హెచ్చుగా త్రాగి, దళసరియై, జిడ్డు పట్టియుండును. పై ఆకును లిహేరో అందురు. అది నెమ్మదిగా మండును గనుక చుట్టువాడు దానిని నట్టనడుమ ఉంచును. దాని పాలు పెరిగినకొలది పొగ చిక్కనగును. పైయాకు నల్లగా నున్నచో చుట్ట ఘాటైనదని తలచుట మాత్రము భ్రమ; ఆ నలుపు పెక్కుసార్లు ఎక్కువకాలము మాగుటచే వచ్చినది, తియ్యదనము కూడ అందువలననే కలుగును.

మాగుట యనగా తడి ఆకును కుప్పవేసి, తనలో తాను వేడెక్కనిచ్చుట. వేడి మితిమీరకుండ కుప్పను తిరుగవేయుచుందురు. ఈ వేడిలో అమ్మోనియా వెడలిపోవును. సరిగా మాగని ఆకు ముక్కును పొడుచును. ఆ పోటునే బలమని మెచ్చుకొనువారు కలరు!

ఇక పరీక్ష. ముందుగా వేళ్లతో మెల్లగా నొక్కి చూడవలెను. గట్టి ముడులు గాని బోలు భాగములు గాని ఉండరాదు. కొనను స్వల్పముగా కోసి, అంటింపకయే ఒకసారి గాలి లాగవలెను. బిగువైనచో పొగ రాదు. మరీ వదులైనచో చుట్ట వేడెక్కి చేదగును. అంటించునపుడు మంటను దగ్గరగా త్రిప్పవలెనే గాని తాకింపరాదు. నిమిషమునకొక్క పీల్పు చాలును. పొగను కొన్ని క్షణములు నోట నిలిపి విడువవలెను. కొంచెము ముక్కుగుండ విడిచినచో వాసనలు విడివిడిగా తెలియును: వేయించిన కాఫీగింజ, మిరియము, తడి మట్టి, క్రొత్త తోలు. ఇవి మొదటి భాగమున ఒక తీరుగ, నడుమ మరొక తీరుగ నుండవలెను. ఆద్యంతము ఒకే రుచియైనచో, అది ఎంత చిక్కనైనను, మేము దానికి పెద్ద మార్కులు వేయము. బూడిద తెల్లదనమును గూర్చి పందెములు వేయుదురు గాని, ఆ రంగు చాలవరకు నేలలోని లవణములను బట్టి వచ్చునది. హవానా కర్మాగారములలో రుచి చూచువారు చుట్టను తుదివరకు కాల్చరు. కొంత కాల్చి, చక్కెర లేని తేనీటితో నోరు శుభ్రపరచుకొని మరియొకటి అందుకొందురు.

నోటినే పనిముట్టుగా వాడు విద్య ఇది. ఆ పనిముట్టు పాడగుట కూడ ఇందులోనిదే. బ్యారన్లలో ఆరబెట్టిన వర్జీనియా ఆకు పొగ ఆమ్లగుణము కలది. దాని నికోటిను రక్తమున చేరుటకు ఊపిరితిత్తులు కావలెను. చుట్ట పొగ క్షారగుణము కలది. లోనికి పీల్చకున్నను నోటి పొరగుండనే నికోటిను రక్తమున కలియును. పీల్చలేదు గనుక ప్రమాదము లేదను మాట నిలువదు. నోటికి, గొంతునకు, అన్నవాహికకు, ఊపిరితిత్తులకు చుట్టవలన క్యాన్సరు వచ్చునని అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1998లో ప్రకటించిన గ్రంథమున స్పష్టముగా నున్నది. శ్రీకాకుళము, విశాఖ తీరములలో నిప్పుకొనను నోటిలో నుంచి అడ్డపొగ కాల్చు స్త్రీల అంగిటి క్యాన్సరును మన వైద్యులు చిరకాలముగా ఎరుగుదురు. మూసిన గదిలో కాల్చినచో ఆ పొగ ఇంటిల్లిపాదికిని పంచినట్లే. అపరిమితముగా కాల్చి నిపుణుడనిపించుకొన్నవానికంటె, నెలకొక్కటి కాల్చువాని నాలుక నమ్మదగినది. అసలు కాల్చనివాని నోరు క్షేమమైనది.

కడపటి మూడవవంతులో జాగ్రత్త మరింత అవసరము. ముందు పొగలోని నికోటినును తారును కాలని భాగమున పేరుకొనియుండుటచే అచట చేదు, ఘాటు పెరుగును. తొలి రెండు భాగములలో కనబడని బలము ఇక్కడ కనబడెనని సంతోషింప పనిలేదు. అది చుట్ట గుణము కాదు, మిగిలిన మడ్డి. చేదు తగిలినప్పుడే ఆపివేయవలెను. సిగరెట్టువలె నలిపినచో గది యంతయు కంపు కొట్టును. పళ్లెములో వదలినచో తనంత తానే ఆరిపోవును.