దిద్దుకున్న ఓడ... దిద్దుకోని ఓడ!

ముప్పై మంది నావికులు ఓడ డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెత్తారు. మూడోసారికే ఓడ ప్రమాదకరంగా ఊగిపోయింది. దాంతో పరీక్ష ఆపేశారు తప్ప లోపాన్ని సరిదిద్దలేదు. ఫలితం... 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో బయల్దేరిన స్వీడన్‌ యుద్ధనౌక 'వాసా' మొదటి ప్రయాణంలోనే, కిలోమీటరున్నర కూడా వెళ్లకుండా మునిగిపోయింది. ఫిరంగులతో పైభాగం బరువెక్కింది. దాన్ని నిలబెట్టేంత బరువు అడుగున లేదు.

అదే వాసాని ఇప్పుడు ఎంతోమంది ఇంట్లో బల్ల మీద కట్టేస్తున్నారు, కొయ్య నమూనాగా! 69 మీటర్ల ఓడని 75వ వంతుకి తగ్గిస్తే 92 సెంటీమీటర్లు. ఇందులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అసలు ఓడలో ఏడున్నర సెంటీమీటర్లు తప్పినట్టే. అందుకే ఈ హాబీలో కట్టడం ఎంత ముఖ్యమో, కట్టింది విప్పడమూ అంతే ముఖ్యం.

వెన్నెముక వంకరైతే...

ఓడకి వెన్నెముక 'కీల్‌'. దానికి అడ్డంగా పక్కటెముకల్లా చట్రాలు నిలబెట్టి, వాటిమీద సన్నటి చెక్కపట్టీలు వరసగా అంటిస్తారు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఒక వైపంతా పూర్తిచేసి రెండో వైపు మొదలుపెడతారు. పట్టీల లాగుడుకి వెన్నెముక అటే మెలి తిరుగుతుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి అంటించుకుంటూ వెళ్తే ఆ బాధ ఉండదు.

రెండో తప్పు ముక్కు దగ్గర. ఓడ నడుము లావు, ముందుభాగం సన్నం. పట్టీలేమో ఒకే వెడల్పు. చివర్లు చెక్కి సన్నం చెయ్యకపోతే ఒకదాని మీదికొకటి ఎక్కేస్తాయి. జిగురు రాయకముందే ఓ పట్టీని చట్రాల మీద ఆనించి చూడాలి. ఎత్తుగా ఉన్నచోట గరుకు కాగితంతో రుద్దాలి, పల్లంగా ఉన్నచోట పలచటి చెక్కపేడు అంటించాలి.

అయినా తప్పు జరిగిందా? కంగారు వద్దు. చెక్కకి వాడే తెల్లజిగురు ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌ పూస్తే మెత్తబడుతుంది. (అది మండే ద్రవం, నిప్పుకి దూరంగా ఉంచాలి.) కాసేపాగి పలచటి కత్తిమొనతో నెమ్మదిగా లేపితే పట్టీ ఊడొస్తుంది. కాకపోతే ఎంత ఆలస్యమైతే అంత కష్టం. తెరచాప కొయ్యలు నిలబెట్టి, తాళ్లన్నీ కట్టేశాక అడుగున వంకర కనిపిస్తే... సగం ఓడ విప్పాల్సిందే!

ఏది తప్పు? ఏది నిజం?

వాసా విషయంలో మరో చిక్కుంది. మునిగిన 333 ఏళ్లకి, 1961లో ఓడని పైకి తీసి పరిశీలిస్తే రెండు పక్కలూ సమానంగా లేవు. అందులో దొరికిన కొలబద్దల్లో కొన్నిటికి అడుగంటే 12 అంగుళాలు, కొన్నిటికి 11! మరి నమూనా కట్టేవాళ్లు దాన్ని దిద్దాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా? రంగుదీ అదే కథ. శిల్పాల వెనక నీలం ఉండేదని మొదట్లో అనుకున్నారు. తరవాతి పరిశోధనల్లో ఎరుపని తేలింది. అప్పటిదాకా నీలం వేసినవన్నీ 'తప్పు' ఓడలైపోయాయి!

బల్ల మీది ఓడలో తప్పు దొర్లితే పోయేది నాలుగు రోజుల శ్రమ. రేవులో బయటపడ్డ తప్పుని దిద్దనందుకు సుమారు ముప్పై మంది ప్రాణాలు పోయాయి. పట్టీ వంకరగా ఉందని తెలిసీ 'ఎవరు చూస్తార్లే' అనిపిస్తే... ఆ మూడో పరుగుని గుర్తు చేసుకుంటే చాలు!