మౌంటెన్ లయన్‌కి ఏ పిస్టల్ సరిపోతుంది?

పోయిన సెమిస్టర్ మిడ్స్‌కి రెండు రోజుల ముందు మా పెదనాన్న కొడుకు వాట్సాప్‌లో కాల్ చేశాడు. అన్న కొలరాడోలో ఎంఎస్ చేస్తున్నాడు, ఫోర్ట్ కాలిన్స్‌లో ఉంటాడు. ఊరి పక్కనే రాకీ పర్వతాలు. శని, ఆదివారాలు వస్తే కొండలెక్కడమే పని. ఆ వారం దారిలో మంచు మీద పిల్లి అడుగులు కనిపించాయట, ఒక్కోటీ దాదాపు అరచెయ్యంత.

"ఒరేయ్, నీకు తుపాకులంటే పిచ్చి కదా. మౌంటెన్ లయన్ మీదికొస్తే ఏ పిస్టల్ పనికొస్తుందో చెప్పు. మా రూమ్మేట్ కొందాం పదా అంటున్నాడు" అన్నాడు.

నా తుపాకీ అనుభవం ఏంటంటే బీజీఎంఐ, యూట్యూబ్, ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో కాల్చిన ఐదు రౌండ్లు. అయినా అడిగింది అన్న కదా! చదువు పక్కనపెట్టి రెండు రాత్రులు కూర్చుని ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. ఆ షీట్‌లో ఏముంది, చివరికి అది ఎందుకు చెత్తబుట్టలోకి పోయింది అన్నదే ఈ వ్యాసం. మనలో సగం మంది ఫాల్‌కో స్ప్రింగ్‌కో అక్కడికి పోయేవాళ్లే కాబట్టి పనికొస్తుంది.

ముందు జంతువు సంగతి. మౌంటెన్ లయన్, కూగర్, ప్యూమా మూడూ ఒకటే. పేరులో సింహం ఉంది గానీ గర్జించలేదు, మన ఇంటి పిల్లిలా గురగురమంటుంది. మగది 50 నుంచి 70 కిలోలు, ఆడది ఇంకా తక్కువ. అంటే బరువులో దాదాపు మన చిరుతంత. చర్మం పల్చన, ఎముకలు మరీ మందం కావు. అందుకే "ఎలుగుబంటి కోసం కొనేంత పెద్ద తుపాకీ దీనికి అక్కర్లేదు" అని అక్కడి అనుభవజ్ఞులు చెప్తారు. అది నిజమే.

ఇక లెక్కలు. తూటా శక్తి అంటే మనకు ఇంటర్‌లోనే తెలిసిన ½mv². .22 తూటా 2.6 గ్రాములు, సెకనుకు సుమారు 330 మీటర్ల వేగం, శక్తి 140 జూళ్లు. 9 ఎంఎం తూటా 8 గ్రాములు, 350 మీటర్లు, అంటే 490 జూళ్లు. .357 మాగ్నమ్ 700 పైన. .44 మాగ్నమ్ తూటా పదిహేనున్నర గ్రాములు, 400 మీటర్లు, దాదాపు 1240 జూళ్లు. షీట్‌లో .44 గడికి ఆకుపచ్చ రంగు వేసేశాను. విషయం తేలిపోయింది అనుకున్నాను.

తర్వాత సరదాకి ఇంకో రెండు వరసలు కలిపాను. ఒకటి, గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి. 160 గ్రాములు, సెకనుకు 40 మీటర్లు, 128 జూళ్లు. అంటే .22 తూటాకీ ఫాస్ట్ బౌలర్ బంతికీ శక్తిలో పెద్ద తేడా లేదు! బంతి తగిలితే వాపు వస్తుంది, తూటా తగిలితే ప్రాణం పోవచ్చు. ఎందుకంటే తూటా ఆ శక్తినంతా చిటికెనవేలి గోరంత చోట పెట్టి లోపలికి దిగుతుంది. జూళ్ల కన్నా ఎక్కడ తగిలింది, ఎంత లోతు దిగింది అన్నదే ముఖ్యం.

రెండో వరస పిల్లిదే. 55 కిలోలు, సెకనుకు 10 మీటర్ల వేగంతో దూకితే 2750 జూళ్లు. మొమెంటం చూస్తే 550. .44 తూటా మొమెంటం ఆరు చిల్లర. ఆరుతో 550ని ఆపడం కుదరదు. మన సినిమాల్లో తూటా తగలగానే విలన్ గాల్లో లేచి వెనక్కి పడతాడు చూడండి, అది నిజమైతే న్యూటన్ మూడో సూత్రం ప్రకారం కాల్చిన హీరో కూడా అటువైపు ఎగిరి పడాలి. తూటా జంతువును తోసెయ్యదు. మెదడుకో వెన్నుపూసకో తగిలితే అక్కడికక్కడ ఆగుతుంది. లేకపోతే రక్తం పోయి ఆగాలి, దానికి టైం పడుతుంది. ఆ టైంలో పిల్లి మన మీదే ఉంటుంది.

సరే, రివాల్వరా, సెమీ ఆటోమేటిక్ పిస్టలా? ఇక్కడ నాకు నచ్చిన పాయింట్ ఒకటి దొరికింది. సెమీ ఆటోలో పదిహేను దాకా తూటాలు పడతాయి, తేలిగ్గా ఉంటుంది, కాల్చినప్పుడు ఎగరడం తక్కువ. రివాల్వర్‌లో ఐదో ఆరో. కానీ సెమీ ఆటో మూతిని జంతువు ఒంటికి ఆనించి నొక్కితే పైనున్న స్లైడ్ కొంచెం వెనక్కి జరిగి అసలు పేలకపోవచ్చు. రివాల్వర్‌కి ఆ బాధ లేదు. పిల్లి మీద పడ్డాక జరిగేది ఆనించి కాల్చడమే కాబట్టి కొందరు ఇప్పటికీ .357 రివాల్వరే మంచిదంటారు. .44 అయితే కిలోకి పైన బరువు, చేతికి ఇచ్చే దెబ్బ కూడా గట్టిదే. నెలనెలా సాధన చెయ్యని వాడు రెండో తూటా ఎక్కడ కాలుస్తాడో వాడికే తెలీదు. నా ఆకుపచ్చ గడి అలా పసుపుగా మారింది.

అసలు దెబ్బ తగిలింది ఆ తర్వాత. తుపాకీ ఎక్కడ పెట్టుకోవాలి? బ్యాగులో పెట్టుకుంటే జిప్పు తీసేసరికే కథ అయిపోతుంది. నడుముకు కట్టుకుంటే ట్రెక్కింగ్ బ్యాగు బెల్టు అడ్డం. అందుకే అక్కడ ఛాతీ మీద కట్టుకునే హోల్‌స్టర్లు అమ్ముతారు. అయినా తీసి, గురిపెట్టి, కాల్చడానికి శిక్షణ ఉన్న మనిషికే ఒకటిన్నర సెకన్లు. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ టూలర్ ఈ లెక్క రాశాడు: ఆ ఒకటిన్నర సెకన్లలో కత్తి పట్టుకున్న మామూలు మనిషే 21 అడుగులు పరిగెత్తి మీదికి రాగలడు. మనిషి సంగతే అది. పిల్లి సెకనుకు 15 మీటర్లు పోగలదు. పైగా అది ఎదురుగా రాదు. పొదలో నక్కి, వెనకనుంచి వచ్చి మెడ పట్టుకునే రకం. సుందర్బన్స్‌లో తేనె తీసేవాళ్లు ఒకప్పుడు తల వెనక మనిషి ముఖం మాస్కులు కట్టుకున్నది ఇందుకే. తనను చూస్తున్నవాడి మీదికి రావడానికి పిల్లి జాతి జంకుతుంది.

ఇదంతా చదువుతుంటే ఒక సంఘటన కనిపించింది. 2019 ఫిబ్రవరిలో ఒక రన్నర్ మీదికి మౌంటెన్ లయన్ దూకింది. అది పూర్తిగా ఎదగని పిల్ల. వెనక చప్పుడైతే తిరిగి చూశాడు, అప్పటికే అది వచ్చేస్తోంది. మణికట్టు పట్టుకుని వదల్లేదు. పుల్లలతో పొడిచాడు, రాయితో కొట్టాడు, చివరికి దాని మెడ మీద కాలు వేసి నొక్కి చంపాడు. చేతిలో ఏ ఆయుధమూ లేదు. జరిగింది హార్స్‌టూత్ కొండ మీద, అంటే మా అన్న ఉండే ఊరి పక్కనే. ఆ పేరు చూడగానే నాకు చెమట పట్టింది. అన్న ఆ కొండ మీద దిగిన సెల్ఫీ మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఉంది.

నిజం చెప్పాలంటే ఇలాంటివి చాలా అరుదు. నూరేళ్ల పైన లెక్క చూసినా మొత్తం ఉత్తర అమెరికాలో మౌంటెన్ లయన్ వల్ల చనిపోయినవాళ్లు ముప్పైకి అటూ ఇటూ. 2024 మార్చిలో కాలిఫోర్నియాలో ఒక కుర్రాడు చనిపోతే, ఆ రాష్ట్రంలో అలాంటి మరణం ఇరవై ఏళ్లలో అదే మొదటిది. అరుదైనా ఆ ఇంటికి అది నూటికి నూరు పాళ్లే.

మూడో రోజు పొద్దున షీట్ పంపిద్దామని కూర్చున్నాను. పంపేముందు "ఎఫ్-1 వీసా మీద తుపాకీ కొనొచ్చా" అని ఒక్కసారి వెతికాను. ఇది మొదటి రోజే వెతకాల్సింది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం స్టూడెంట్ వీసా లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు. రూమ్మేట్ కొన్నది మనం మోసినా, సరదాకి షూటింగ్ రేంజ్‌లో చేత్తో పట్టుకున్నా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. శిక్ష 15 ఏళ్ల వరకు, ఆపైన వీసా పోవడం, దేశం నుంచి పంపించెయ్యడం. మినహాయింపు ఒకటి ఉంది: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. కానీ అది వకీలును అడిగి చెయ్యాల్సిన పని, తమ్ముడి ఎక్సెల్ షీట్ చూసి చేసేది కాదు.

వెంటనే ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది.

"అన్నా, కొన్నావా?"

"లేదు, శనివారం షాపుకు పోదామనుకుంటున్నాం. ఏమైంది?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. పెదనాన్న పొలం మీద తెచ్చిన ఇరవై ఏడు లక్షల లోన్ ఇద్దరికీ గుర్తొచ్చి ఉంటుంది.

"మరి ఏం చెయ్యమంటావురా?"

అప్పుడు చెప్పినవి ఇవి. బేర్ స్ప్రే కొను. అందులో ఉండేది క్యాప్సైసిన్, మన గుంటూరు మిరపకాయ ఘాటే. ఎనిమిది తొమ్మిది మీటర్ల దూరం మేఘంలా పోతుంది, తూటాలా గురి అక్కర్లేదు, పిల్లి మీదా పనిచేస్తుంది. బ్యాగు భుజం పట్టీకి కట్టుకో, లోపల పెట్టుకోవద్దు. విమానంలో తీసుకుపోనివ్వరు, యోసెమిటీలో అయితే అసలు అనుమతే లేదు. ఒంటరిగా పోవద్దు, తెల్లవారుజామున, చీకటిపడే వేళ అస్సలు వద్దు. చెవుల్లో ఆ ఇయర్‌ బడ్స్ తీసెయ్. కనిపిస్తే పరిగెత్తకు, వీపు చూపించకు, చేతులు పైకెత్తి పెద్దగా కనిపించు, అరువు. మీద పడితే చచ్చినట్టు పడుకోవద్దు, చేతికందిందేదైనా తీసుకుని కొట్టు.

ఒక వీడియో కూడా పంపాను. 2020లో యూటాలో ఒక కుర్రాడి వెంట తల్లి మౌంటెన్ లయన్ ఆరు నిమిషాలు వచ్చింది. పిల్లల్ని కాపాడుకోవడానికి అది చేసిన పని. అతను వెనక్కి నడుస్తూ, కళ్లు దాని మీదే పెట్టి అరుస్తూనే ఉన్నాడు. చివర్లో ఒక రాయి తీసి విసిరితే పారిపోయింది. ముందే ఎందుకు తియ్యలేదు అనిపిస్తుంది. వంగితే మనిషి చిన్నగా కనిపిస్తాడు, అదీ భయం.

ఆ వంగడం అన్న మాట దగ్గర నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది తిరుపతి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను ఎత్తుకుపోయి చంపేసింది. తర్వాత బోన్లు పెట్టారు, మధ్యాహ్నం దాటాక పిల్లల్ని ఆ దారిలో వదల్లేదు, గుంపులుగా పొమ్మన్నారు, నడిచేవాళ్లకు చేతికర్రలు ఇచ్చారు. ఆ కర్రల మీద వచ్చిన మీమ్స్ మన క్లాస్ గ్రూప్‌లోనూ తిరిగాయి. ఫార్వర్డ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, కర్ర చేతిలో ఉన్నవాడు రాయి కోసం వంగక్కర్లేదు, ఎత్తితే ఇంకో మూడడుగులు పొడుగవుతాడు.

"మన దగ్గర లైసెన్స్ తీసుకుని తుపాకీ పెట్టుకోవచ్చు కదా" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. 9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, మామూలు జనానికి దొరకదు. దొరికే .32 రివాల్వర్ శక్తి 200 జూళ్ల లోపే. ఇంకో చిక్కు ఉంది. 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 ప్రకారం ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో జంతువును చంపినా గాయపరిచినా నేరం కాదు. కానీ ఆ సమయంలో మనం అదే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఆ రక్షణ వర్తించదు. సెక్షన్ 31 ఏమో రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోకూడదంటుంది. అంటే నల్లమలలోకి దొంగచాటుగా తుపాకీ పట్టుకుపోయినవాడు చిరుత నుంచి తప్పించుకున్నా కేసు నుంచి తప్పించుకోలేడు.

పోయిన ఆదివారం అన్న ఫోటో పెట్టాడు. ముగ్గురు స్నేహితులు, మధ్యాహ్నం ఎండ, భుజం పట్టీకి స్ప్రే డబ్బా. పెద్దమ్మ కింద కామెంట్ పెట్టింది: "అదేంది నాయనా, దోమల మందా?"

అవునమ్మా అన్నాడు.