దేనితో భాగించాలి: ఐదుతోనా, నాలుగుతోనా?

లెక్కల పేరెత్తగానే మనవాళ్లలో చాలామంది పక్కకు జరుగుతారు. "అది యూనివర్సిటీ వాళ్ల పని. మన పని వాడల్లో తిరగటం" అంటారు. కానీ వాడల్లో తిరిగి రాసుకొచ్చిన కాగితాలే రేపు కలెక్టరు ముందు పెట్టాలి, సెమినారులో పెట్టాలి, ఒక్కోసారి కోర్టులో కూడా పెట్టాలి. అక్కడ మన బాధ ఎంత నిజమైనదైనా ఎదుటివాడు ముందు చూసేది మన లెక్కనే. లెక్కలో ఒక్కచోట కాలుజారితే చాలు, "వీళ్లకు లెక్కే రాదు, వీళ్ల మాటేం నమ్ముతాం" అని నివేదిక మొత్తాన్నీ మూలన పడేస్తారు. కాబట్టి లెక్క కూడా మన పనే.

ఈ వ్యాసంలో మాట్లాడుకునేది చిన్నగా కనిపించే ఒక ప్రశ్న. క్రమ విచలనం, అంటే స్టాండర్డ్ డీవియేషన్, లెక్కగట్టేటప్పుడు చివర్లో ఒక భాగహారం వస్తుంది. మనదగ్గరున్న మనుషుల సంఖ్యతో భాగించాలా? ఆ సంఖ్యలో నుంచి ఒకటి తీసేసి భాగించాలా? సైంటిఫిక్ కాలిక్యులేటర్లో రెంటికీ రెండు మీటలుంటాయి. కంప్యూటర్లోని ఎక్సెల్‌లో రెండు ఫార్ములాలుంటాయి. ఏది నొక్కాలో తెలీక చాలామంది చేతికొచ్చింది నొక్కేస్తారు. ఏది ఎప్పుడు నొక్కాలో, ఎందుకో చూద్దాం.

ఒక ప్రయోగం

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతులు చదివే మగపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. దాని వివరాలు 2004లో ప్రపంచబ్యాంకు పరిశోధనా పత్రంగా వచ్చాయి. అగ్రకులాల పిల్లలు 321 మంది, చమార్ కులం పిల్లలు 321 మంది. పిల్లల పత్రికల్లో వచ్చే 'దారి కనుక్కో' లాంటి బొమ్మలిచ్చి, సాధించిన ఒక్కోదానికి ఇంత అని డబ్బులిచ్చారు. కులం సంగతి ఎత్తనప్పుడు ఇద్దరూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ ఒక్కొక్కరి పేరూ కులమూ చదివి ఆ తర్వాత బొమ్మలిచ్చినప్పుడు మాత్రం చమార్ పిల్లల సగటు పడిపోయింది. పిల్లలు అవే, తెలివి అదే. మారిందల్లా కులం పేరు గట్టిగా చదవటం.

మనకు తెలియని సంగతేం కాదిది. హాజరుపట్టీలో కులం చదివిన రోజున బల్లమీద ముడుచుకుని కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. కానీ తెలిసిన సంగతిని తెలియనివాడి ముందు, తెలిసీ ఒప్పుకోనివాడి ముందు రుజువు చెయ్యాలంటే "సగటు పడింది" అంటే సరిపోదు. వాడు అడుగుతాడు: "ఆ పిల్లల్లో ఒకడు రెండు చేస్తాడు, ఒకడు ఎనిమిది చేస్తాడు. ఆరోజు తక్కువ చేసేవాళ్లే ఈ గుంపులోకి వచ్చారేమో?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లల మధ్య తేడా మామూలుగా ఎంతుంటుందో తెలియాలి. ఆ తేడాను కొలిచేదే క్రమ విచలనం.

లెక్క ఎలా?

ఐదుగురు పిల్లలనుకుందాం. వాళ్లు సాధించిన బొమ్మలు 2, 4, 5, 6, 8. ఈ అంకెలు లెక్క చూపించటానికి వేసుకున్నవే, ఆ ప్రయోగంలోవి కావు. మొత్తం 25, సగటు 5.

సగటు నుంచి ఒక్కొక్కరూ ఎంత దూరంలో వున్నారు? మొదటివాడు 3 కింద, రెండోవాడు 1 కింద, మూడోవాడు సరిగ్గా సగటు దగ్గర, నాలుగోవాడు 1 పైన, ఐదోవాడు 3 పైన. వీటిని అలాగే కూడితే కిందవీ పైనవీ కొట్టేసుకుని సున్నా వస్తుంది. అందుకే ఒక్కొక్కదాన్నీ వర్గం చేస్తాం: 9, 1, 0, 1, 9. మొత్తం 20.

ఇక్కడిదాకా గొడవ లేదు. ఇప్పుడు ఆ 20ని దేనితో భాగించాలి? 5తో భాగిస్తే 4 వస్తుంది, దాని వర్గమూలం 2. 4తో భాగిస్తే 5 వస్తుంది, దాని వర్గమూలం 2.24. భాగించగా వచ్చిన దాన్ని విస్తృతి అంటారు, దాని వర్గమూలమే క్రమ విచలనం. అవే అంకెలకు రెండు జవాబులు. రెండూ తప్పు కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

ఏది సరైందో అంకెలు చెప్పవు. మనం చెప్పదలుచుకున్న మాట చెప్తుంది. మన దగ్గరున్న అంకెలు ఎవరివో వాళ్ల గురించే మాట్లాడి ఆపేస్తే వాళ్లే మనకు మొత్తం. అప్పుడు 5తోనే భాగించాలి. ఆ ఐదుగురిని చూసి, మనం చూడని మిగతా పిల్లల గురించి మాట్లాడదలుచుకుంటే ఆ ఐదుగురూ నమూనా, అంటే శాంపిల్. అప్పుడు ఒకటి తగ్గించి 4తో భాగించాలి.

ఒక వాడలో 60 ఇళ్లున్నాయనుకోండి. అరవై ఇళ్లూ తిరిగి కూలిరేట్లు రాసుకున్నారు. "మా వాడలో కూలి ఇట్లా వుంది" అని చెప్తే ఆ అరవై ఇళ్లే మొత్తం. అరవైతోనే భాగించండి. అదే కాగితం పట్టుకుని "మా జిల్లాలో మాదిగల కూలి ఇట్లా వుంది" అన్నారంటే అవే అరవై ఇళ్లు నమూనాగా మారిపోతాయి, యాభైతొమ్మిదితో భాగించాలి. ఇళ్లు మారలేదు, అంకెలు మారలేదు, మీరు చేసిన దావా మారింది. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులసర్వే అందరినీ లెక్కించాలని పెట్టుకున్నది కాబట్టి అది మొదటి రకం. ఎంచుకున్న కొన్ని ఇళ్లకే పోయే జాతీయ నమూనా సర్వే రెండో రకం.

మరి ప్రయోగాల మాటేంటి? ప్రయోగంలో దాదాపు ఎప్పుడూ ఒకటి తగ్గించాల్సిందే. ఎందుకంటే ఫలానా 321 మంది పిల్లలు ఫలానా రోజున ఎన్ని బొమ్మలు చేశారో తెలుసుకోవటం కోసం ఎవరూ ప్రయోగం చెయ్యరు. కులం పేరు చదివితే పిల్లలకు ఏం జరుగుతుందో తెలుసుకోవటం కోసం చేస్తారు. ఆ పిల్లలు తమ తరపునే కాదు, మనం చూడని పిల్లల తరపున కూడా నిలబడ్డారు. "ప్రయోగంలో వున్నవాళ్లందరినీ లెక్కగట్టాం కదా, మరి వాళ్లే మొత్తం కదా" అని విద్యార్థులు పొరబడేది ఇక్కడే.

ఒకటి ఎందుకు తగ్గించాలి?

"రూల్ అది, అంతే" అని క్లాసులో చెప్పి వదిలేస్తారు. కారణం తెలియకుండా రూల్ నమ్మటం మనకు అలవాటు కాకూడదు.

పిల్లలందరి అసలు సగటు మనకు తెలీదు. ఐదుగురి సగటునే దానికి బదులు వాడుకున్నాం. ఆ సగటు ఆ ఐదుగురిలోంచే పుట్టింది కాబట్టి వాళ్లకు అతి దగ్గరగా వుంటుంది. ఏ అంకె నుంచి కొలిచినా వర్గాల మొత్తం ఇంతకంటే తగ్గదు. అసలు సగటు 6 అనుకుని కొలిచి చూడండి: 16, 4, 1, 0, 4. మొత్తం 25, 20 కాదు. అంటే సొంత సగటు నుంచి కొలిచినప్పుడు మనుషుల మధ్య తేడాను తక్కువ చేసి చూస్తున్నాం. ఆ తరుగును సరిచెయ్యటానికే భాగించే అంకెను ఒకటి తగ్గిస్తాం.

సరిగ్గా ఒకటే ఎందుకు? దీన్ని చీటీలతో మీరే తేల్చుకోవచ్చు. మూడు చీటీల మీద 2, 4, 6 రాయండి. ఇదే మన 'మొత్తం'. సగటు 4. వర్గాలు 4, 0, 4. మూడుతో భాగిస్తే అసలు విస్తృతి 8/3. ఇప్పుడు ఒక చీటీ తీసి, చూసి, మళ్లీ వేసి, ఇంకోటి తియ్యండి. ఇట్లా రెండేసి చీటీలు తొమ్మిది రకాలుగా రావచ్చు. రెండూ ఒకటే అయితే (2-2, 4-4, 6-6) వర్గాల మొత్తం సున్నా. 2-4, 4-2, 4-6, 6-4 వస్తే ఒక్కోదానికి 2. 2-6, 6-2 వస్తే ఒక్కోదానికి 8. అన్నీ కలిపితే 24. తొమ్మిది సార్లకు సగటు 24/9, అంటే 8/3. రెండు చీటీలు కాబట్టి 2తో భాగిస్తే 4/3 వస్తుంది, అసలు దాంట్లో సగమే. ఒకటి తగ్గించి 1తో భాగిస్తే సరిగ్గా 8/3. తొమ్మిది కలిపి చూస్తే తరుగు పూర్తిగా తీరిపోయింది.

ఇంకో రకంగానూ చెప్పుకోవచ్చు. ఐదు దూరాలు కలిపితే ఎప్పుడూ సున్నా రావాలి. కాబట్టి నాలుగు తెలిస్తే ఐదోది దానంతటదే తేలిపోతుంది. స్వేచ్ఛగా వున్నవి నాలుగే. ఒకటి సగటు కోసం ఖర్చయిపోయింది. ఇందులో ఒక మెలిక వుంది. ఒకటి తగ్గిస్తే సరయ్యేది విస్తృతి. దాని వర్గమూలం తీశాక క్రమ విచలనం ఇంకా రవ్వంత తక్కువే వుంటుంది. అయినా ఐదుతో భాగించినదానికంటే ఇది మేలు.

దీనివల్ల ఏం పోతుంది?

మనుషులు ఎక్కువైతే పెద్దగా ఏం పోదు. 321 మంది వుంటే రెండు జవాబుల మధ్య తేడా వందకు 0.16 మాత్రమే. 100 మందికి అరశాతం, 10 మందికి ఐదు శాతం, 5 గురికి దాదాపు పన్నెండు శాతం, ఇద్దరికైతే నలభైఒక్క శాతం. మన కార్యకర్తలు చేసేవి ఎక్కువగా చిన్న సర్వేలే. పెద్దదాన్ని కూడా కులం, ఊరు, ఆడ, మగ అని విడగొట్టేసరికి ఒక్కో గదిలో ఏడుగురో ఎనిమిదిమందో మిగులుతారు. దెబ్బ తగిలేది అక్కడే. ఇంకో మాట: రెండు గుంపులు పోలుస్తూ ఇద్దరికీ కలిపి ఒకే విస్తృతి కట్టేటప్పుడు రెండు సగటులు వాడుకున్నట్టు. కాబట్టి ఒకటి కాదు, రెండు తగ్గించాలి.

మన ఐదుగురి విషయంలో చూద్దాం. సగటు ఎంత నమ్మదగిందో తెలియాలంటే క్రమ విచలనాన్ని మనుషుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తాం. ఐదుతో భాగించినదాన్ని వాడితే 0.89, నాలుగుతో భాగించినదాన్ని వాడితే 1. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గోసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసిన వ్యాసం నుంచి చిన్న నమూనాలకు వేరే పట్టిక వచ్చింది. దాని ప్రకారం ఐదుగురికి గుణకం 2.78. అంటే అసలు సగటు 2.2 నుంచి 7.8 మధ్య ఎక్కడైనా వుండొచ్చు. తొందరపడి తప్పు మీట నొక్కి, పెద్ద నమూనాలకు వాడే 1.96తో గుణించినవాడు "3.2కూ 6.8కూ మధ్య వుంది" అని ధీమాగా రాస్తాడు. ఐదుగురు పిల్లలు ఇవ్వని ధీమా అది. మన వాదం బలంగా కనిపించాలని తేడాను తగ్గించి చూపిస్తే ఆ పూటకు గెలుస్తాం. ఎదుటివాడు ఆ కాగితం మళ్లీ లెక్కగట్టిన రోజున నిజం కూడా మనతోపాటు ఓడిపోతుంది.

ఒకటి తగ్గిస్తే తీరనిది

ఈ మాట విద్యార్థులు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి తగ్గించటం లెక్కలోని తరుగును తీరుస్తుంది కానీ మనుషుల్ని ఎంచుకోవటంలోని పక్షపాతాన్ని తీర్చదు. సర్వేకు వచ్చినాయన ఊళ్లో రచ్చబండ దగ్గర పది ఇళ్లు రాసుకుని, వాడలోకి దిగకుండా బస్సెక్కితే తొమ్మిదితో భాగించినా ఒకటే, పదితో భాగించినా ఒకటే. చూడని ఇల్లు ఏ మీట నొక్కినా లెక్కలోకి రాదు.

ఈ పనిముట్లు పుట్టిన చోటు కూడా మరిచిపోకూడదు. స్టాండర్డ్ డీవియేషన్ అన్న పేరు 1890లలో పెట్టింది కార్ల్ పియర్సన్. మనుషుల్లో మేలుజాతి, కీడుజాతి వున్నాయనే యూజెనిక్స్‌ను నమ్మి ప్రచారం చేసినవాడు. మనదేశంలో 1901 జనాభా లెక్కలకు కమిషనరుగా వున్న రిస్లీ ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కట్టాడు. కానీ కొలతలు వాళ్ల సొత్తు కాదు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంబేద్కర్ ఆ ముక్కుల కొలతలనే తీసుకుని, బ్రాహ్మడిదీ అంటరానివాడిదీ వేర్వేరు జాతి కాదని వాదించాడు. వాళ్ల తక్కెడతోనే వాళ్ల అబద్ధాన్ని తూచాడు.

కాబట్టి నివేదిక రాసేటప్పుడు మూడు సంగతులు తప్పకుండా రాయండి: ఎంతమందిని చూశారు, వాళ్లను ఎట్లా ఎంచుకున్నారు, క్రమ విచలనానికి దేనితో భాగించారు. మూడోది రాయటానికి ఒక్క వాక్యం చాలు. మీట నొక్కేముందు మాత్రం ఆగి ఒక్కమాట అడుక్కోండి: నేను మాట్లాడేది ఈ కాగితంలో వున్నవాళ్ల గురించేనా, లేక కాగితంలోకి రానివాళ్ల గురించి కూడానా? రానివాళ్ల గురించి కూడా అయితే ఒకటి తగ్గించండి. మన ఉద్యమంలో ఎక్కువసార్లు మనం మాట్లాడేది వాళ్ల గురించే.