బిడ్డకు శస్త్రచికిత్స సరే, అమ్మకు నిద్ర ఏది?

ఆసిఫాబాద్ 2016లో జిల్లా కేంద్రమైంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అయినా పసిబిడ్డ గుండెకు శస్త్రచికిత్స అవసరమని తేలితే, కుటుంబం చాలావరకు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు బయలుదేరవలసిందే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఆపరేషన్ భారాన్ని చాలా తగ్గించింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు చికిత్సకు వీలుంది. కాని ఏ పథకం లెక్కలోకీ రాని ఖర్చు ఒకటుంది. అది బిడ్డ పక్కన కాపలా ఉండే తల్లిదండ్రుల నిద్ర.

బిడ్డ ఐసీయూలో ఉన్నన్నాళ్లు తల్లి వరండాలో చాప పరచుకుని ఉంటుంది. వార్డుకు మార్చాక సాధారణంగా ఒక్క అటెండెంటునే ఉండనిస్తారు. యంత్రాల మోత, ఆరని దీపాలు, నర్సు పిలుపులు. వీటన్నిటికీ మించి, కునుకు తీస్తే బిడ్డకేమవుతుందోనన్న భయం. వారం రోజులుగా ఆమె కన్ను మూయలేదని బంధువులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మెప్పే ఆమెను మరో రాత్రి మేల్కొని ఉండేలా చేస్తుంది.

నిజానికి తల్లి నిద్ర బిడ్డ చికిత్సలో భాగమే. 17 నుంచి 19 గంటలు ఏకధాటిగా మేల్కొన్న మనిషి చురుకుదనం, మద్యం సేవించినవాని స్థాయికి పడిపోతుందని పరిశోధకులు గుర్తించారు. అటువంటి స్థితిలోనే ఆమె డాక్టరు మాట వింటుంది, కాగితాలపై సంతకం చేస్తుంది, మందు కొలిచి పోస్తుంది. పసివారి మందులో 0.5 మిల్లీలీటరుకూ 5 మిల్లీలీటర్లకూ తేడా ఒక చుక్కే. మోతాదు మాత్రం పది రెట్లు.

దీనికి నిందలు తోడవుతాయి. గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణం చూసిందని, సరిగా తినలేదని ఆమెనే అంటారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలకు చాలామంది పిల్లల్లో ఫలానాదే కారణమని వైద్యులే తేల్చి చెప్పలేరు. అలాంటప్పుడు తల్లిపై తీర్పు చెప్పే అధికారం మనకెక్కడిది? తండ్రి వేదన మరో రకం. సెలవు, అప్పు, ఇంట్లో ఉన్న మిగతా పిల్లలు, అన్నీ మనసులోనే మోస్తాడు.

రాత్రంతా ఆరాధనలో గడపబోయిన హజ్రత్ అబూదర్దా(రజి)ను హజ్రత్ సల్మాన్ ఫార్సీ(రజి) ముందు నిద్రపుచ్చి, రాత్రి చివరి భాగంలో లేపారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. శరీరానికీ హక్కు ఉందన్న ఆయన మాటను దైవప్రవక్త(స) సమర్థించారు. ఆరాధనకే ఇంత మితం ఉన్నప్పుడు, కాపలాకు ఉండదా?

కాబట్టి బయలుదేరే ముందే రాత్రులను పంచుకుందాం. తండ్రి, నానీ, ఖాలా, ఫుఫూలలో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుంటే, తల్లికి రోజూ కనీసం ఐదారు గంటలు ఆగని నిద్ర దొరుకుతుంది. ఆమె ఫోను మరొకరు తీసుకుని, బంధువులకు రోజుకొకసారి కబురు చెబితే చాలు. డాక్టరును అడగవలసినవి, మందుల వేళలు కాగితంపై రాసి పెట్టుకోవాలి. పాలిచ్చే తల్లయితే, పాలు పిండి భద్రపరచే పద్ధతిని నర్సును అడిగి తెలుసుకోవచ్చు.

ఆసిఫాబాదుకు తిరిగి వచ్చాక కూడా కొందరు తల్లులు రాత్రి పదేపదే లేచి బిడ్డ ఊపిరి చూస్తుంటారు. నిద్ర పట్టకపోవడం, ఏడుపు, దేనిపైనా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే వైద్యుణ్ణి కలవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఇది ఈమాన్ బలహీనత కాదు, అలసిన మనసుకు వైద్యం.

మన వీధిలో ఎవరి బిడ్డకైనా ఆపరేషన్ తేదీ ఖరారైతే, డబ్బు సంగతితో పాటు మరో మాట అడుగుదాం: ఏ రాత్రి మేము వచ్చి కూర్చోవాలి?