సంచులలో బొప్పాయి నారు పెంపకము
– క్రొత్తగా ప్రారంభించువారికి సూచనలు –

బొప్పాయి తోటకు ఆయువు పోసేది నారుమడియే. మొక్క నాటిన పిమ్మట చేయు సేద్యమునకు ఎంత శ్రద్ధ చూపినను, మొదటి 45 రోజులలో జరిగిన నష్టమును పూడ్చుట కష్టము. కడప, అనంతపురము ప్రాంతములందు బొప్పాయి సాగు విస్తారముగా ఉన్నందున, పొరుగు తోటలను చూచి క్రొత్తగా ఈ పంట పెట్టదలచు రైతులు ఏటేటా ఎందరో కలరు. వీరిలో పలువురు మేలైన విత్తనమును హెచ్చు ధరకు కొందురు. కాని నారు సగము చచ్చిన పిమ్మట నాటవలసిన అదను దాటిపోవును. అట్టి నష్టము కలుగకుండుటకు పాటించవలసిన పద్ధతులను ఇచట వివరించుచున్నాము.

సంచులే ఎందుకు?

వంగ, మిరప నారును మడిలో పోసి, పీకి నాటుట మనకు అలవాటు. బొప్పాయికి ఈ పద్ధతి అంతగా పనికిరాదు. దీని వేళ్ళు మెత్తనివి. పీకునపుడు తల్లివేరు తెగినచో మొక్క తేరుకొనుటకు చాల దినములు పట్టును. కొన్ని అసలే తేరుకొనవు. సంచిలో పెంచిన మొక్కను మట్టి ముద్దతో సహా నాటవచ్చును గనుక వేరు కదలదు. పెరటిలో నాలుగైదు చెట్లు మాత్రమే కావలసినవారు చిన్న మట్టికుండలను గాని, అడుగున చిల్లులు పెట్టిన పాత డబ్బాలను గాని ఇట్లే వాడుకొనవచ్చును.

ఎన్ని మొక్కలు కావలెను?

వరుసకు వరుసకు, మొక్కకు మొక్కకు 6 అడుగుల ఎడము చొప్పున ఎకరమునకు 1,210 గుంటలు వచ్చును. ఎన్ని మొక్కలు పెంచవలెనో మీరు ఎన్నుకొను రకమును బట్టి ఉండును.

బొప్పాయిలో కొన్ని రకములందు మగచెట్లు, ఆడచెట్లు వేరువేరుగా ఉండును. పూసా డ్వార్ఫ్, కో-2 ఇట్టివి. పూత వచ్చువరకు ఏది మగదో ఏది ఆడదో తెలియదు గనుక గుంటకు 3 మొక్కలు నాటి, పూత వచ్చిన పిమ్మట గుంటకు ఒక ఆడచెట్టును ఉంచి తక్కినవి తీసివేయవలెను. పుప్పొడి కొరకు పది ఆడచెట్లకు ఒక మగచెట్టు చాలును. రెడ్ లేడీ, సూర్య వంటి రకములలో ఆడచెట్లు, ద్విలింగ పుష్పములు గల చెట్లు మాత్రమే వచ్చును. వీటిలో ప్రతి చెట్టు కాయును గనుక గుంటకు ఒక్క మొక్క చాలును.

కావున రెండవ తరగతి రకములకు ఎకరమునకు 1,400 సంచులు, మొదటి తరగతి రకములకు 4,000 సంచులు సిద్ధపరచుకొనుట మంచిది. చచ్చిన మొక్కల స్థానమున నాటుటకు కొన్ని మిగులును. రెడ్ లేడీ సంకర రకము. దాని పండ్ల నుండి తీసిన గింజలు తల్లి గుణములను నిలుపుకొనవు గనుక ఆ గింజలను విత్తరాదు.

సంచి, మట్టి

8 అంగుళముల పొడవు, 6 అంగుళముల వెడల్పు గల పాలిథీన్ సంచులు సరిపోవును. అడుగు భాగమున 8 నుండి 10 చిల్లులు పెట్టవలెను. ఈ చిల్లులే మొక్కకు ప్రాణాధారము. చిల్లులు లేని సంచిలో నీరు నిలిచి వేళ్ళకు గాలి ఆడదు.

ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు – ఈ మూడును సమపాళ్ళలో కలిపి జల్లించి సంచులను నింపవలెను. పచ్చిపేడ ఎన్నడును వాడరాదు. పైన అర అంగుళము ఖాళీ విడువవలెను. మిశ్రమమును తడిపి పిడికిట పట్టినపుడు ముద్ద కట్టి, వ్రేలితో తాకగానే విడిపోయినచో పాళము కుదిరినట్లే. విడిపోక బంకగా ఉన్నచో మరికొంత ఇసుక చేర్చుడు.

తెగుళ్ళ నివారణకు ట్రైకోడెర్మా శిలీంద్రము మిగుల ఉపకరించును. 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీరు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి, పదిదినములు ఉంచిన పిమ్మట ఈ ఎరువును సంచుల మట్టిలో కలుపవలెను.

విత్తుట

స్వంత విత్తనమైనచో గింజ చుట్టునున్న జిగురు పొరను బూడిదతో రుద్ది కడిగి నీడన ఆరబెట్టవలెను. ఈ పొర ఉన్నంతకాలము మొలక సరిగా రాదు. పాత విత్తనము త్వరగా మొలకశక్తి కోల్పోవును గనుక తాజా విత్తనమునే వాడుడు. మందు పూత పూసిన పాకెట్టు విత్తనమును నానబెట్టక పాకెట్టుపై సూచనలను అనుసరించవలెను.

ఖరీదైన విత్తనమును సంచికి ఒకటి, స్వంత విత్తనమును సంచికి రెండు మూడు చొప్పున అర అంగుళమునకు మించని లోతున విత్తవలెను. రెండు మూడు వారములలో మొలకెత్తును. ఒకటికి మించి మొలిచినచో బలమైన దానిని ఉంచి తక్కినవి కత్తిరించవలెను. పీకినచో ప్రక్క మొక్క వేరు కదలును.

నారు చచ్చుటకు ముఖ్య కారణము

క్రొత్తవారి నారుమడులలో మొక్కలు ఎండి చచ్చుట కంటె నీరు ఎక్కువై చచ్చుటయే అధికము. నారుకుళ్ళు తెగులు సోకిన మొక్క కాండము నేలను తాకుచోట నీరుపట్టి, దారమువలె సన్నబడి, మొక్క ఒరిగిపోవును. ఆకులు ఇంకను పచ్చగానే ఉండును. దీనిని చూచి మొక్క దప్పిగొన్నదని భ్రమించి మరింత నీరు పోయుదురు. దానితో తెగులు ప్రక్క సంచులకు కూడ పాకును.

కావున నీరు పోయుటకు ముందు వ్రేలిని ఒక కణుపు లోతు మట్టిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో ఆ దినము నీరు అవసరము లేదు. పొడిగా ఉన్నచో సన్నని చిల్లుల రోజ్‌క్యానుతో ఉదయమున తడుపవలెను. సాయంత్రము తడిపినచో రాత్రియంతయు చెమ్మ నిలిచి తెగులుకు తోడ్పడును. వానలు కురియునపుడు పందిరిపై పాలిథీన్ పట్టా కప్పుడు.

తెగులు కనబడిన వెంటనే నీరు ఆపి, సోకిన సంచులను దూరముగా తొలగించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి తక్కిన సంచుల మట్టి తడియునట్లు పోయవలెను. ఈ మందును ట్రైకోడెర్మాతో కలిపి వాడరాదు. అది ట్రైకోడెర్మాను కూడ చంపును.

కనబడని శత్రువు

వలయపు మచ్చ తెగులు వైరస్ వలన కలుగును. సోకిన చెట్టును బాగుచేయు మందు లేదు. నారులోనే సోకినచో ఆ మొక్క నుండి ఫలసాయము ఆశించుట వృథా. పేనుబంక పురుగు సోకిన ఆకుపై కొద్దిసేపు వ్రాలి, మరియొక మొక్కపై వ్రాలినంత మాత్రమున ఈ వైరస్‌ను అంటించును. మందు చల్లి పురుగును చంపులోపలే నష్టము జరిగిపోవును. అందువలన నారును 40 మెష్ వల క్రింద పెంచుటయే మేలైన రక్షణ. పాత బొప్పాయి తోటలకు, గుమ్మడి, దోస పాదులకు దూరముగా నారుమడిని ఏర్పరచవలెను.

ఇది ఒక్క రైతు వలన నెరవేరు పని కాదు. ఊరిలో తెగులు పట్టి విడిచిన చెట్లు నిలిచియున్నంతకాలము పొరుగు తోటకు ముప్పు తప్పదు. గ్రామోద్యోగులు రైతులను సమావేశపరచి, క్రొత్త నారు పోయుటకు ముందే అట్టి చెట్లను నరికి పూడ్పించుట ఊరి కంతకును మేలు.

ఎండకు అలవాటు చేయుట, నాటుట

మొలక వచ్చువరకు నీడ అవసరము. పిమ్మట క్రమముగా నీడను తగ్గించుడు. నాటుటకు పది దినముల ముందు నుండి నీటిని కొంత తగ్గించి, మొదట ఉదయపు ఎండ, తరువాత పూర్తి ఎండ తగులనీయవలెను. నీడలోనే పెరిగి పొడవుగా సాగిన మొక్క పొలములో నిలువదు.

45 నుండి 60 దినముల వయస్సు, 6 నుండి 8 అంగుళముల ఎత్తు గల మొక్కలు నాటుటకు తగినవి. ఈ లెక్క ప్రకారము జులై ఆరంభమున నాటదలచినవారు మే మొదటి పక్షమున విత్తవలెను. సాయంత్రము వేళ సంచిని బ్లేడుతో కోసి, మట్టి ముద్ద చెదరకుండ, సంచిలో ఉన్న లోతుననే నాటుడు. కాండమును మట్టితో కప్పరాదు. బొప్పాయి వేళ్ళు నీటిలో ఒకటి రెండు దినములు మునిగినను చెట్టు చచ్చును గనుక బోదెలు ఎత్తి నాటి, మురుగు కాలువలు ముందుగానే తీయవలెను. కోసిన సంచులను ఏరి తీసివేయుడు, పొలమున విడువకుడు.

ఒక చిన్న పుస్తకములో విత్తిన తేదీ, విత్తిన గింజలు, మొలిచినవి, నాటునాటికి మిగిలినవి – ఈ నాలుగు అంకెలు వ్రాసియుంచుడు. మొలిచినవి తక్కువైనచో లోపము విత్తనమునందో, విత్తిన లోతునందో వెదకవలెను. మొలిచి చచ్చినచో మొదట నీటిని, సంచి చిల్లులను పరీక్షించవలెను. మరుసటి ఏడు నారు పోయునపుడు ఈ లెక్క మీకు తోడ్పడును.